ఛాయాస్తంభం

నాగార్జునసాగర్ రేవులో లాంచీ ఎక్కి, జలాశయం నడుమ మిగిలిన కొండ మీద దిగి, మ్యూజియంలోకి అడుగుపెట్టిన వాళ్ళ చూపు ముందుగా బుద్ధుడి మీదికే పోతుంది. నా చూపూ అంతే. రెండోసారి వెళ్ళినప్పుడు గానీ ఆ నిలువు రాళ్ళ దగ్గర నేను ఆగలేదు. అవి పలనాటి సున్నపురాయి పలకలు. వాటి మీద ఎవరో మనిషి బొమ్మ, బ్రాహ్మీ లిపిలో నాలుగు ప్రాకృతం ముక్కలు. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, చనిపోయినవాళ్ళ పేర వాళ్ళ మనుషులు నిలిపిన రాళ్ళవి. రాజు చాంతమూలుని పేర అతని ఇంటి ఆడవాళ్ళు నిలిపినది ఒకటుంది. సేనానుల పేర, సైనికుల పేర, చేతిపనివాళ్ళ పేర నిలిపినవీ ఉన్నాయి. ఈ రాళ్ళను ఆ శాసనాలు ఒక పేరుతో పిలుచుకున్నాయి: ఛాయాఖంభం. సంస్కృతం చేస్తే ఛాయాస్తంభం.

చనిపోయినవాడి కోసం రాయి నిలపడం లోకమంతా ఉన్నదే. ఆ రాతికి నీడ పేరు పెట్టడం నన్ను పట్టుకుంది. రాయి కంటే గట్టిది లేదు, నీడ కంటే పలుచనిది లేదు. ఆ రెంటినీ కలిపి ఒక్క మాట చేసినవాళ్ళకు చావు గురించి మనకు తెలియనిదేదో తెలుసనిపించింది.

ఈ పాత మాటను ఇప్పుడు తీయడానికి కారణముంది. ఉగ్రవాద దాడుల్లో చనిపోయినవాళ్ళ పేర దేశదేశాల్లో శిల్పాలు వెలిశాయి. వాటి గురించి తెలుగులో రాయబోతే చేతికి దొరికేది 'స్మారక చిహ్నం' ఒక్కటే. స్మారకమంటే గుర్తుచేసేది. వంతెన ప్రారంభించిన మంత్రిగారి శిలాఫలకమూ స్మారకమే, పార్కులో ఆడుకుంటూ చనిపోయిన పిల్ల పేర నిలిపిన రాయీ స్మారకమే. ఆ రెంటికీ ఒకే మాట వాడుతుంటే నాకు మనసొప్పదు. మన నేల మీద పదిహేడు వందల ఏళ్ళ కిందట పుట్టిన మాట ఈ పనికి సరిగ్గా సరిపోతుందని నా నమ్మకం.

మాటను విప్పి చూద్దాం. మన వ్యాఖ్యాతలు 'ఛాయ'ను 'ఛో' అనే ధాతువు నుంచి సాధిస్తారు. కోయడమని దానికి అర్థం. ఎండను కోసేది కనుక ఛాయ. భాషల చుట్టరికాలు వెతికేవాళ్ళు ఇంకో దారి చూపుతారు. పారసీకంలో 'సాయా', గ్రీకులో 'స్కియా', మన 'ఛాయ' ఒకే మూలం నుంచి చీలినవని వాళ్ళ లెక్క. అంటే హైదరాబాదులో ఉర్దూ మాట్లాడే పెద్దావిడ చెట్టు నీడను 'సాయా' అన్నప్పుడు, పక్కింటి తెలుగావిడ 'ఛాయ' అన్నప్పుడు, వేల ఏళ్ళ కిందట విడిపోయిన అక్కచెల్లెళ్ళు ఒకే చెట్టు కింద కలుసుకున్నట్టే.

అమరకోశం ఈ మాటకు నాలుగు అర్థాలు చెబుతుంది. సూర్యుని భార్య ఒకటి, కాంతి రెండు, ప్రతిబింబం మూడు, ఎండ లేకపోవడం నాలుగు. కాంతికీ, కాంతి పడనిచోటుకూ ఒకే మాట చెల్లడం పైకి వింతగా ఉంటుంది. తెలుగు నోటికి మాత్రం అది అలవాటైన సంగతి. 'చామనచాయ' అంటే ఒంటి రంగు. 'ముఖంలో వాళ్ళ నాన్న ఛాయలున్నాయి' అంటే పోలిక. ఫొటో మన దేశానికి వచ్చినప్పుడు దానికి తెలుగు పెట్టుకున్న పేరు 'ఛాయాచిత్రం'. పడమటి భాషల్లో దాని పేరులో వెలుగు ఉంటే, మనం నీడను చూశాం. శాసనాల్లోని ఛాయను పండితులు పోలిక, రూపం అనే అర్థంలోనే తీసుకుంటారు. పోయినవాడి రూపు మోసే స్తంభం అన్నమాట. చావు జరిగిన ప్రతి తెలుగింట్లోనూ గోడకు ఒక ఛాయాచిత్రం ఎక్కుతుంది. దానికి గంధపు చెక్కల దండో ప్లాస్టిక్ పూల దండో పడుతుంది. విజయపురి నీళ్ళలో మునిగింది కానీ ఛాయాస్తంభం మునగలేదు. మన గోడల మీదికి వచ్చి చేరింది.

సంస్కృత నాటకాలు చదువుకున్నవాళ్ళకు ఇంకో ఛాయ తెలుసు. పాత్రలు ప్రాకృతంలో మాట్లాడిన చోట, అచ్చు ప్రతుల్లో దాని కిందనే సంస్కృత రూపం ఇస్తారు. దాని పేరూ ఛాయే. అది మూలం కాదు, మూలానికి అంటిపెట్టుకుని నడిచేది. ఛాయ చదివి మూలం చదివామనుకోకూడదని మా మాస్టారు పదే పదే చెప్పేవారు. ఈ హెచ్చరిక అవసరం ముందు వస్తుంది.

అమరకోశం మొదట చెప్పిన అర్థం వెనక ఒక కథ ఉంది. సూర్యుని భార్య సంజ్ఞ. భర్త వేడిమి భరించలేక, తన నీడ నుంచి తనలాంటి స్త్రీనే పుట్టించి, ఇంట్లో తన చోట నిలబెట్టి వెళ్ళిపోయింది. ఆ నిలబడ్డ స్త్రీ పేరు ఛాయ. పిల్లలకు తల్లి, భర్తకు భార్య, ఇంటికి దీపం, అన్నీ తానే. సూర్యుడు కూడా తేడా పట్టలేకపోయాడు. పట్టినవాడు ఒకడే, కొడుకు యముడు. ఈమె తన తల్లి కాదని ముందుగా తెలిసింది మృత్యుదేవతకే.

ఈ కథను నేను ఎన్నిసార్లు తలచుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది. పోయినవాళ్ళ చోట ఒక రూపాన్ని నిలబెడతాం. దానికి దండ వేస్తాం, దాని ముందు దీపం పెడతాం. చావు మాత్రం ఆ రూపాన్ని చూసి, ఈమె ఆమె కాదని చెప్పేస్తుంది. ఛాయాస్తంభమని పేరు పెట్టినవాళ్ళు ఆ నిజాన్ని పేరులోనే ఒప్పుకున్నారు. ఇది మనిషి కాదు, మనిషి ఛాయ. కథలో వెళ్ళిపోయిన ఆమె పేరు సంజ్ఞ కావడం కూడా ఊరికే కాదేమో. సంజ్ఞ అంటే గుర్తు, పేరు, స్పృహ. పేరూ స్పృహా వెళ్ళిపోతే నీడ మిగిలింది. శిల్పి చేతికి దొరికేది ఆ నీడే. పేరును మళ్ళీ తెచ్చి దాని పక్కన చెక్కడం బతికినవాళ్ళ పని.

ఇక స్తంభం. ప్రాకృతంలోని ఖంభానికి వేదకాలపు 'స్కంభం' మూలం. లోకాన్ని మోసే స్తంభమని అథర్వవేదం దాన్నే స్తుతించింది. తెలుగులో అది కంబమైంది. ఖమ్మం ఊరి పేరులో ఉన్నదీ ఆ స్తంభమేనని అక్కడివాళ్ళు చెబుతారు. 'స్తంభం' వేరే ధాతువు. ఆపడం, కదలనివ్వకపోవడం దాని అర్థం. అందుకే మనకు ఒక క్రియ మిగిలింది: స్తంభించిపోవడం. వార్త విని స్తంభించిపోయాడంటాం. మనిషి ఒక క్షణం రాతికంబం అయిపోయాడని ఆ మాట లోపల ఉంది.

భాసుడి 'ప్రతిమానాటకం'లో భరతుడు మేనమామ ఇంటి నుంచి అయోధ్యకు తిరిగి వస్తూ ఊరి బయట ఒక ప్రతిమాగృహంలో ఆగుతాడు. అక్కడ తన వంశపు రాజుల శిల్పాలున్నాయి. చనిపోయినవాళ్ళకే అక్కడ చోటని అతనికి తెలుస్తుంది. ఆ వరసలో తండ్రి ప్రతిమ ఉంది. ఏ దూతా చెప్పని చావు వార్త శిల్పం చెప్పింది.

మన కాలంలో ఇదే సంగతి తిరగబడింది. 1988 డిసెంబర్ 21న స్కాట్లాండులోని లాకర్‌బీ ఊరి మీద పాన్ యామ్ 103 విమానం పేలిపోయి 270 మంది చనిపోయారు. వాళ్ళలో ఒక కుర్రవాడి తల్లి, శిల్పి సూజ్ లోవెన్‌స్టీన్. ఆమె, ఆ విమానంలో తమవాళ్ళను పోగొట్టుకున్న ఇతర స్త్రీలను పిలిచి, వార్త చెవిన పడ్డ క్షణంలో మీ దేహం ఏమైందో ఆ భంగిమలోకి వెళ్ళండని అడిగింది. డెబ్బైకి పైగా స్త్రీమూర్తులు అలా తయారయ్యాయి. ఒకామె నేల మీద ముడుచుకుపోయింది. ఒకామె ఆకాశంకేసి కేక పెడుతోంది. ఒకామె తన్ను తానే కావలించుకుంది. ఒంటి మీద నూలుపోగు లేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని మాంటౌక్‌లో ఆమె ఇంటి తోటలో అవి కొలువై ఉన్నాయి. ఒక్కో మూర్తి కడుపులో, పోయినవాళ్ళ వస్తువు ఏదో ఒక ఆనవాలు దాచి ఉంది. భాసుడి నాటకంలో ప్రతిమ వార్త చెప్పింది. ఇక్కడ వార్త విన్న దేహమే ప్రతిమ అయింది. స్తంభించిపోవడమనే క్రియకు ఇంతకంటే నిఖార్సైన నిర్వచనం ఏ నిఘంటువులోనూ దొరకదు.

ఛాయాస్తంభం సరిపోతుందంటున్నాను. మన దగ్గరున్న మిగతా మాటలు ఎందుకు సరిపోవో కూడా చెప్పాలి.

వీరగల్లు మనకు బాగా తెలుసు. రాయలసీమ పల్లెల్లో ఇవాళ్టికీ పొలం గట్ల మీద కనబడుతుంది. అడుగు అరలో పోరాటం, నడి అరలో అప్సరసలు వీరుణ్ణి ఎత్తుకుపోవడం, పై అరలో శివసన్నిధి, అంచున సూర్యచంద్రులు. ఆవులమందను తోలుకుపోయే దొంగలకు అడ్డుపడ్డవాడు, ఊరి కోసం నిలబడ్డవాడు, పులితో పెనుగులాడినవాడు ఆ రాతికి అర్హులు. జయస్తంభం రాజుది. కృష్ణదేవరాయలు పొట్నూరులో నిలిపాడంటారే, అది గెలుపు గురించిన రాయి. అమరవీరుల స్తూపం ఆశయం కోసం ప్రాణమిచ్చినవాళ్ళది. హైదరాబాదు గన్‌పార్కులో శిల్పి ఎక్కా యాదగిరిరావు రూపుదిద్దిన స్తూపం 1969 ఉద్యమంలో నేలకొరిగినవాళ్ళ కోసం. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున వెలిసిన స్టెయిన్‌లెస్ స్టీలు ప్రమిద తెలంగాణ అమరుల కోసం. వాళ్ళు దేనికోసం పోయారో మనం చెప్పగలం.

ఆ ప్రమిదకు కూతవేటు దూరంలోనే లుంబినీ పార్కు. 2007 ఆగస్టు 25 సాయంత్రం అక్కడ లేజర్ షో చూడ్డానికి జనం కూర్చున్నారు. మహారాష్ట్ర నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగు పిల్లలు వాళ్ళలో ఉన్నారు. అదే వేళకు కోఠీలో గోకుల్ చాట్ దగ్గర ప్లేట్లు పట్టుకుని మరికొందరు నిలబడ్డారు. ఆ రెండు చోట్లా పేలిన బాంబులకు 42 మంది చనిపోయారు. వాళ్ళు దేనికోసం పోయారు? ఈ ప్రశ్నకు జవాబు లేదు. వాళ్ళు దేనికోసమూ పోలేదు. ఒక సాయంత్రం సరదాగా గడపడానికి వెళ్ళారు. వాళ్ళను వీరులంటే వాళ్ళ చేతిలోని చాట్ ప్లేటును లాక్కుని కత్తి పెట్టినట్టవుతుంది.

పత్రికలు రాసే మాట ఇంకొకటుంది: 'ఉగ్రవాదానికి బలయ్యారు'. నేనూ కొన్నాళ్ళు ఈ మాట రాశాను. ఇక రాయను. బలి అంటే నైవేద్యం, దేవతకు అర్పించేది. 'ఉగ్ర' శివుడి పేర్లలో ఒకటి. ఈ రెంటినీ కలిపితే, చంపినవాడు తన పీఠం ముందు పెట్టిన నైవేద్యంగా ఆ మనుషులను మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది. వాళ్ళను ఎవరూ ఎవరికీ అర్పించలేదు. వాళ్ళను చంపారు. 'బాధితులు' అన్నా కుదరదు. వాడుకలో ఆ మాట బతికి బాధపడేవాళ్ళది, కాలు పోయినవాడిది, చెవులు వినపడకుండా పోయినవాడిది, కొడుకును పోగొట్టుకున్న తల్లిది. చనిపోయినవాళ్ళు ఆ క్షణంతో 'మృతులు' అనే అంకెలోకి వెళ్ళిపోతారు.

ఛాయాస్తంభం వీటన్నిటికీ దూరంగా నిలబడుతుంది. పోయినవాడు వీరుడా, బలా, దేనికోసం పోయాడు అని అది అడగదు. నీడ పడటానికి వీరుడై ఉండనక్కర్లేదు, మనిషై ఉంటే చాలు. విజయపురిలో సేనానికి నిలిచిన రాయే చేతిపనివాడికీ నిలిచింది, అదే పేరుతో.

ఈ మాట పట్టుకుని ఐర్లండు దాకా వెళ్దాం. 1985 జూన్ 23 పొద్దున, మాంట్రియల్ నుంచి లండన్ మీదుగా ఢిల్లీ వస్తున్న ఎయిరిండియా 182 విమానం ఐర్లండు తీరానికి దూరంగా, 31,000 అడుగుల ఎత్తున, సామాన్ల గదిలో పెట్టిన బాంబుతో పేలిపోయింది. 329 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఎనభై మందికి పైగా పిల్లలు. బడికి సెలవులిచ్చారని అమ్మమ్మల దగ్గరికి, నానమ్మల దగ్గరికి బయల్దేరిన కుటుంబాలవి. చనిపోయినవాళ్ళలో 268 మంది కెనడా పౌరులు, ఎక్కువమంది భారత సంతతివాళ్ళు. అయినా కెనడా ప్రధాని ఫోను చేసి సంతాపం చెప్పింది భారత ప్రధానికి. తమ దేశపు పిల్లలు పోతే పరాయి దేశానికి పరామర్శ. ఆ కుటుంబాలకు పోయినవాళ్ళ దుఃఖం ఒకటైతే, మీరెవరివాళ్ళో మాకు తెలియదన్నట్టున్న ఆ మాట మరొకటి. 2010లో విచారణ సంఘం నివేదిక వచ్చాకే అక్కడి ప్రధాని కుటుంబాలను క్షమాపణ అడిగారు.

ఆ విమానం పేరు కనిష్క. మథుర మ్యూజియంలో కనిష్కుడి శిల్పం ఉంది. పొడుగు అంగీ, బరువైన బూట్లు, చేత కత్తి. తల లేదు. అంగీ మీద పేరు చెక్కి ఉండబట్టి అది కనిష్కుడని మనకు తెలుస్తోంది. ఛాయ విరిగిపోయింది, సంజ్ఞ కాపాడింది. సముద్రంలో దొరికిన దేహాలు 131. మిగతావాళ్ళ కుటుంబాలకు దహనం చేయడానికి కూడా ఏమీ లేదు. దేహం లేనిచోట పేరే దేహం కావాలి.

ఆ పని చేసింది ఐర్లండు తీరంలోని చిన్న పల్లె అహకిస్టా. పశ్చిమ కార్క్‌లో, డన్‌మానస్ అఖాతం ఒడ్డున ఉంటుంది. వార్త తెలిసి ఇండియా నుంచి, కెనడా నుంచి పరుగెత్తుకొచ్చిన కుటుంబాలకు కార్క్ ప్రజలు ఇళ్ళు తెరిచారు, భోజనాలు పెట్టారు, మార్చురీ గుమ్మం దాకా చేయి పట్టుకుని నడిపించారు. ఏడాది తిరిగేసరికి, 1986 జూన్ 23న, అహకిస్టాలో సముద్రానికి ఎదురుగా ఒక శిల్పం వెలిసింది. కార్క్ శిల్పి కెన్ థాంప్సన్ చేశాడు. అది విగ్రహం కాదు, స్తూపం కాదు. అది నీడగడియారం.

మన జ్యోతిష గ్రంథాల్లో దీనికి రెండు మాటలున్నాయి. నిలబెట్టిన మేకు 'శంకువు', దాని నీడ 'ఛాయ'. శంకువు నిలిపి, పొద్దున ఛాయ, మాపటి ఛాయ ఎక్కడ పడ్డాయో చూసి తూర్పు పడమరలు కొలిచి, అప్పుడు గుడికైనా ఇంటికైనా ముగ్గు పోసేవాళ్ళు. మంత్రులు చేసే 'శంకుస్థాపన'లో మిగిలింది ఆ శంకువే. మనిషి తన కట్టడం ప్రతిదాన్నీ ఒక నీడను చూసుకునే మొదలుపెట్టాడు. అహకిస్టాలో కెనడా, ఇండియా, ఐర్లండు కలిసి శంకువు నిలిపాయి. దాని ఛాయ పగలంతా రాతి మీద నడుస్తుంది. ఆ రాతి మీది మాటలు కూడా నీడల గురించే: కాలం పరుగెత్తుతుంది, నీడలు పడతాయి, ప్రేమ మిగులుతుంది అనే భావం. ఆ తేదీని గమనించండి. జూన్ 23 అంటే ఉత్తరాన పొద్దు అతి పొడుగు రోజులు, మధ్యాహ్నం నీడ అతి పొట్టి రోజులు. నీడ కుదించుకుపోయే రోజుల్లో ఆ 329 మంది పోయారు. ఏటా అదే రోజుల్లో వాళ్ళ నీడను చూడ్డానికి వాళ్ళవాళ్ళు అక్కడికి వస్తారు. ఇరవై రెండేళ్ళ తర్వాత, 2007లో, టొరంటోలో లేక్ ఒంటారియో ఒడ్డున కట్టిన స్మారకంలోనూ నీడగడియారమే పెట్టారు. దాని పీఠానికి కెనడాలోని ప్రతి రాష్ట్రం నుంచీ రాయి తెచ్చారు. పేర్లు చెక్కిన గోడను ఐర్లండు వైపు తిప్పి నిలిపారు. మీరెవరివాళ్ళని అడిగిన ప్రశ్నకు ఆ రాళ్ళు ఇచ్చిన జవాబు అది.

లండన్‌లో హైడ్ పార్కులో మరో ఛాయాస్తంభ వనం ఉంది. 2005 జూలై 7న మూడు భూగర్భ రైళ్ళలో, ఒక బస్సులో జరిగిన పేలుళ్ళలో 52 మంది చనిపోయారు. నాలుగేళ్ళకు అదే తేదీన 52 స్టెయిన్‌లెస్ స్టీలు స్తంభాలు నిలిచాయి. ఒక్కోటి మూడున్నర మీటర్లు. నాలుగు గుంపులుగా ఉంటాయి, నాలుగు చోట్లకు గుర్తుగా. దగ్గరగా నిలబడి ఉన్నా ఒకదానికొకటి తగలవు, రైలుపెట్టెలో జనం నిలబడ్డట్టే. వాటిని రూపొందించిన కార్మొడీ గ్రోర్క్ వాస్తుశిల్పులు ఒక్కో స్తంభాన్నీ విడిగా ఇసుక అచ్చులో పోయించారు. కరిగిన లోహం ఇసుకలో చల్లారేటప్పుడు పడ్డ గరుకు ఒకదానిదిలా మరొకదానిది ఉండదు. యంత్రంలో తీర్చి నున్నగా చేస్తే 52 ఒకేలా ఉండేవి, అంకెలా ఉండేవి. వేలిముద్రలా ఉన్న ఆ గరుకే మనిషి ఛాయ.

ఆ స్తంభాల మీద తేదీ, సమయం, చోటు ఉన్నాయి. పేర్లు లేవు. పేర్లు పక్కన గడ్డి గట్టు దగ్గర విడిగా ఒక ఫలకం మీద ఉన్నాయి. ఏ స్తంభం ఎవరిదో చెప్పకుండా వదిలేశారు. విజయపురివాళ్ళు దీన్ని ఒప్పుకునేవారు కాదు. అక్కడ రూపూ పేరూ ఒకే రాతి మీద ఉండాలి. నాకు రెండూ అర్థమవుతాయి. తనవాడి స్తంభం ఏదో తెలియని తల్లి అన్నిటి మధ్యా నడుస్తుంది, ఎవరి మీదైనా చేయి వేస్తుంది. అయినా మనసు లోపల ఎక్కడో పేరు కోసం వెతుకుతుంది. నీడ ఒక్కటే చాలదు, సంజ్ఞ కూడా కావాలి.

న్యూయార్కులో కూలిన జంట భవనాల చోట 2011లో రెండు లోతైన జలాశయాలు తెరిచారు. వాటి అంచు చుట్టూ కంచు పలకల్లో 2,983 పేర్లు. అవి పైపైన చెక్కిన అక్షరాలు కావు. కంచును ఆసాంతం కోసి తీసిన అక్షరాలు. పగలు వాటిలో చీకటి కనబడుతుంది, రాత్రి కింద నుంచి దీపం వెలిగితే ఆ కోతల్లోంచే వెలుగు పైకి వస్తుంది. ఛాయకు 'కోయడం' మూలమని మన వ్యాఖ్యాతలు చెప్పినప్పుడు చమత్కారమనుకున్నాను. ఆ పేర్ల గురించి తెలిశాక ఆ వ్యుత్పత్తి మీద గౌరవం పెరిగింది. కోత, నీడ, కాంతి మూడూ ఒకే అక్షరంలో ఉన్నాయి. ఓక్లహోమా నగరంలో 1995 ఏప్రిల్ 19న బాంబు పేలుడులో చనిపోయిన 168 మందికి 168 ఖాళీ కుర్చీలు వేశారు. కంచు వీపు, అద్దపు అడుగు. రాత్రి ఆ అద్దాలు వెలుగుతాయి. వాటిలో 19 కుర్చీలు పొట్టివి. ఆ పొట్టి కుర్చీల దగ్గర ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

ఛాయకు అచ్చతెలుగు తోబుట్టువు 'నీడ'. తమిళ, కన్నడాల్లోని నీడ మాటలకు ఇది దగ్గరి చుట్టం. సంస్కృతం ఛాయలో కాంతిని, పోలికను చూస్తే, తెలుగు నీడలో ఆశ్రయాన్ని చూసింది. 'నాకంటూ ఒక నీడ' అంటే ఇల్లు. 'ఆయన నీడన పెరిగాను' అంటే ఆయన కాపాడాడని. రాయి చనిపోయినవాళ్ళ ఛాయ అయితే సరిపోదు, బతికినవాళ్ళకు నీడ కూడా కావాలి. వాంకూవర్‌లో స్టాన్లీ పార్కులో కనిష్క మృతుల పేర్ల గోడ పక్కనే పిల్లల ఆటస్థలం కట్టారు. ఎనభై మందికి పైగా పిల్లలు పోయిన దుఃఖానికి ఉయ్యాలలు, జారుడుబల్లలు. అక్కడ ఆడే పిల్లల్లో ఆ పేర్లు చదవగలిగే వయసు చాలామందికి ఉండదు. వాళ్ళు ఆ నీడలో ఆడుకుంటే చాలు.

చివరగా ఒక వాడుక చెప్పి ముగిస్తాను. తెలుగులో 'ఛాయ'కు బహువచనంలో వేరే అర్థం ఒకటుంది. 'ఆ ఛాయలకు పోలేదు' అంటాం. దరిదాపులకు, ఆ చుట్టుపక్కలకు అని. పేలుడు జరిగిన చోట గురించి తరచు వినబడే మాట అదే. కొడుకు పోయిన బస్టాపు ముందు నుంచి బస్సు వెళ్తుందని దారి మార్చుకున్న తండ్రి అనే మాట అది. కూతుర్ని పోగొట్టుకున్నాక ఆ వీధిలో కాలు పెట్టలేకపోయిన తల్లి అనే మాట అది. ఆ ఛాయలకు పోలేను. చంపినవాడు మనుషులతో పాటు ఆ చోటును కూడా చంపుతాడు. చోటంటే భయం పుట్టించడమే అతనికి కావలసింది.

ఛాయాస్తంభం ఆ చోటును వెనక్కి తెస్తుంది. అహకిస్టాకు ఏటా జూన్‌లో వచ్చేవాళ్ళలో మొదటిసారి వచ్చినప్పుడు ముప్ఫై ఏళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటాయి. సముద్రాన్ని చూడలేమనుకున్నవాళ్ళు సముద్రానికి ఎదురుగా నిలబడి, ఆ ఊరివాళ్ళ చేతులు పట్టుకుని, పేర్లు చదువుతారు. ఆ ఊరి పిల్లలు పూలు తెస్తారు. అప్పుడు రాతి మీద నీడ కొంచెం జరుగుతుంది. వాళ్ళు మళ్ళీ ఆ ఛాయలకు వచ్చారు.